ఏజెన్సీలో నెలలు నిండని కాన్పులు: నెలల లెక్క తేలనప్పుడు డెక్సా ఇవ్వాలా? బిడ్డను ఘాట్ దింపేదెలా?

మన్యం సీహెచ్‌ఓ (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్; ప్రశ్న):

అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ గ్రామాల సంగతి అడుగుతున్నాను. గర్భిణులు ఎక్కువగా కోందు, పోర్జా, కొండదొర, బగత వాళ్లు. పేరు నమోదయ్యేసరికే చాలామందికి నాలుగైదు నెలలు దాటిపోతుంటాయి. ఆఖరి ముట్టు ఎప్పుడంటే తేదీ రాదు, "పండుగ అయ్యాక" అన్న జవాబు వస్తుంది. పొట్ట మీద టేపు పెడితే 28 సెంటీమీటర్లు. ఆమెకు నిజంగా ఏడో నెలేనా, లేక ఎనిమిదిన్నర నెలలుండి బిడ్డే చిన్నదా? నొప్పులతో వచ్చినప్పుడు ఇది తేలకుండా డెక్సామెథసోన్ (పుట్టబోయే లేత బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికిచ్చే స్టెరాయిడ్, డెక్సా) మొదటి డోసు ఇచ్చి పంపాలా అని ప్రతిసారీ తర్జనభర్జన. ఇచ్చేసి పంపమని ఒకరు, తేదీ తెలియనప్పుడు ముట్టుకోవద్దని ఇంకొకరు.

రెండోది, ఇంట్లోనో దారిలోనో కాన్పయిపోయి బిడ్డ కిలోన్నర, కిలో ఆరువందలు ఉంటే? డిసెంబరు చలి, రెండు మూడు గంటల ప్రయాణం, వార్మర్ లేదు. ఏది ముందు, ఏది తర్వాత?

మూడోది, నొప్పుల దాకా రాకముందే మన చేతిలో ఏముంది? అన్నిచోట్లా చెప్పే మాటలు కాదు, ఇక్కడి కారణాలకు తగ్గట్టు చెప్పండి.

కాన్పుగది:

ముందు నెలల లెక్క. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. బరువు తక్కువ వేరు, నెలలు తక్కువ వేరు. 37 వారాలు నిండకుండా పుడితేనే నెలలు నిండని బిడ్డ. 2.1 కిలోలతో పుట్టినా 39 వారాలైతే అది కడుపులో ఎదగని బిడ్డ. తల్లులే చిన్నగా, రక్తం తక్కువగా ఉండే చోట ఈ రెండు రకాలూ కలగలిసి వస్తాయి. రిజిస్టర్‌లో మాత్రం రెంటినీ ఒకే గడిలో వేసేస్తారు.

తేదీ అడగకండి, సంత అడగండి. "ఇటుకల పండుగనాడు ముట్టులో ఉన్నావా? తర్వాత ఎన్ని సంతలయ్యాక వచ్చింది?" సంత వారానికోసారి కాబట్టి ఒక్కో సంత ఒక్కో వారం. పండుగ ఒక్కో ఊళ్లో ఒక్కో రోజు చేస్తారు కనక, ఏ ఊరికి ఆ ఊరి తేదీ ఆశా దగ్గర ముందే రాయించి పెట్టుకోండి. ఉట్నూరు వైపు పనిచేసేవాళ్లకి నాగోబా జాతర, దండారి ఇలాగే పనికొస్తాయి. నిశ్చయ్ కిట్‌తో గర్భ పరీక్ష చేసిన రోజు కూడా కార్డు మీద రాయండి. ఆ రోజుకి కడుపు కనీసం నాలుగు వారాలదని తేలిపోతుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. చంటిబిడ్డకు పాలిస్తూ, ముట్టు తిరిగి రాకముందే మళ్లీ నెల తప్పినవాళ్లు. వాళ్లు చెప్పే ఆఖరి ముట్టు పాత కాన్పుకు ముందుది. వాళ్లని బిడ్డ కదలిక ఎప్పుడు తెలిసిందో అడగండి: తొలిచూలుకు 18 నుంచి 20 వారాలు, రెండో కాన్పు నుంచి 16 నుంచి 18. ఇది ఉజ్జాయింపే, స్కాన్‌కు బదులు కాదు.

స్కాన్ ఒక్కటే తీయించగలిగితే 20 వారాల లోపు తీయించండి. ప్రతి నెలా 9వ తేదీన పీఎంఎస్‌ఎంఏ (గర్భిణులకు ప్రభుత్వ ఉచిత పరీక్షలు) రోజు బండి పెట్టి దింపడానికి అంతకన్నా మంచి కారణం లేదు. 14 వారాల లోపు స్కాన్‌లో తేడా వారం మించదు. 16 నుంచి 22 వారాల మధ్య పది రోజులు. 28 దాటాక తీస్తే మూడు వారాలు అటూ ఇటూ పోతుంది. ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. ఎనిమిదో నెలలో స్కాన్ తీస్తే ఎదగని బిడ్డ మూడు వారాలు చిన్నగా కనబడుతుంది. ఆ రిపోర్టు చూసి పాత కాన్పు తేదీ కొట్టేసి కొత్తది రాస్తారు. దాంతో ఎదుగుదల లోపం కాస్తా "నెలలు తక్కువ" అయి కూర్చుంటుంది. మొదటి స్కాన్‌తో ఖాయం చేసిన తేదీని పెన్నుతో రాసి చుట్టూ గీత గీయండి, తర్వాతి స్కాన్‌లు దాన్ని మార్చకూడదు.

లెక్క ఎలాగంటే: ఆఖరి ముట్టు 2025 ఏప్రిల్ 12 అనుకోండి. తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తేదీ 2026 జనవరి 19. ఆఖరి ముట్టు నుంచి 238 రోజులు లెక్కిస్తే డిసెంబరు 6, అంటే 34 వారాలు. 24 వారాలు సెప్టెంబరు 27. ఈ రెండు తేదీలూ కార్డు పైన రాసి ఉంటే అర్ధరాత్రి నొప్పులతో వచ్చినప్పుడు లెక్కలు వేసుకునే పని ఉండదు.

టేపు విషయం: మూత్రం పోసి వచ్చాకే కొలవాలి, అంకెలు కిందివైపు తిప్పి కొలవాలి. అంకెలు కనబడుతుంటే మన చెయ్యి మనకు కావలసిన చోట ఆగిపోతుంది. 24 వారాల తర్వాత సెంటీమీటర్లూ వారాలూ దాదాపు ఒకటే, రెండు అటూ ఇటూ. ఒక్కసారి కొలిచిన 28కి విలువ లేదు. నెల కిందట 25 ఉండి ఇప్పుడు 28 అయితే ఎదుగుతోంది. అప్పుడూ 27 ఉంటే అనుమానం ఎదుగుదల మీదే.

డెక్సా ఒకటిన్నర:

స్టెరాయిడ్ గురించి. మీకు చెప్పిన ఇద్దరూ సగం సగం సరే.

2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు మొదలైతే ఏఎన్‌ఎం కూడా మొదటి డోసు ఇచ్చి పంపవచ్చు. డోసు 6 మిల్లీగ్రాములు కండకు. వయల్ 2 మి.లీ., మి.లీ.కి 4 మిల్లీగ్రాములు, కాబట్టి ఒకటిన్నర మి.లీ. తీయాలి. వయల్ మొత్తం లాగేసి 8 ఇచ్చేయడం మామూలుగా జరిగే పొరపాటు. 12 గంటలకొకటి చొప్పున నాలుగు డోసులు, మొత్తం 24 మిల్లీగ్రాములు.

ఇక రెండో సగం. 2015లో వచ్చిన యాక్ట్ అధ్యయనంలో బెళగావి, నాగపూర్ ప్రాంతాలు కూడా ఉన్నాయి. పల్లెల్లో, నెలల లెక్క సరిగా తేలని చోట స్టెరాయిడ్ విరివిగా ఇప్పించారు. చిన్న బిడ్డల మరణాలు తగ్గలేదు. మొత్తం పుట్టిన బిడ్డల్లో నవజాత మరణాలు కొంచెం పెరిగాయి, తల్లులకు ఇన్ఫెక్షన్లూ పెరిగాయి. అదే మందును 2020లో యాక్షన్ అధ్యయనంలో మన దేశంతో కలిపి ఐదు దేశాల ఆసుపత్రుల్లో, స్కాన్‌తో తేదీ ఖాయం చేసి, 26 నుంచి 34 వారాల లోపు వాళ్లకే ఇచ్చారు. నవజాత మరణాలు 23.5 శాతం నుంచి 19.6కి తగ్గాయి. మందు ఒకటే. తేడా తేదీలో, ఆ తర్వాత బిడ్డను చూసుకునే చోటులో.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ షరతులు పెట్టింది: నెలల లెక్క నమ్మదగ్గది కావాలి, వారం లోపు కాన్పయ్యే అవకాశం బాగా ఉండాలి, తల్లికి ఇన్ఫెక్షన్ లక్షణాలు ఉండకూడదు, కాన్పుకీ చిన్న బిడ్డకీ తగిన చికిత్స అందే చోటు ఉండాలి. మీ చేతిలో చూడగలిగేవి: జ్వరం ఉందా, ఉమ్మనీరు కంపు కొడుతోందా, తల్లి నాడి, బిడ్డ గుండె వేగం బాగా పెరిగాయా. ఇవి ఉంటే డెక్సా వద్దు, యాంటీబయాటిక్ మొదటి డోసు డాక్టరుతో మాట్లాడి ఇచ్చి పంపండి.

ఇంకో మాట. నొప్పులన్నీ కాన్పు నొప్పులు కావు. మలేరియా జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఎండలో పనిచేసి నీళ్లు తాగకపోవడం, ఇవన్నీ పొట్ట బిగపట్టిస్తాయి. ఆర్‌డీటీ (వేలి రక్తంతో చేసే మలేరియా పరీక్ష), మూత్రం డిప్‌స్టిక్ ఇరవై నిమిషాల పని. నొప్పులు పది నిమిషాలకొకటి చొప్పున ఆగకుండా వస్తూ గర్భాశయ ముఖం తెరుచుకుంటుంటే అది కాన్పే. ఉమ్మనీరు పోతుంటే మాత్రం లోపల వేలు పెట్టి చూడొద్దు. శుభ్రమైన ప్యాడ్ పెట్టి రంగు, వాసన చూడండి. ఉమ్మనీరే అని తేలాక, ఇంకా నొప్పులు రాకపోతే ఆసుపత్రిలో ఇచ్చేది ఎరిత్రోమైసిన్ 250, రోజుకు నాలుగుసార్లు, పది రోజులు. అమాక్సిక్లావ్ వద్దు, బిడ్డ పేగులు పాడయ్యే ముప్పు పెరుగుతుంది.

నొప్పులు ఆపడానికి నిఫెడిపిన్ ఇస్తే అది ఘాట్ దిగే వ్యవధి కోసం, డెక్సా పనిచేసే వ్యవధి కోసం. నెలలు నిండేదాకా ఆపడం దాని వల్ల కాదు. బీపీ పై అంకె 90 కంటే తక్కువుంటే ఇవ్వొద్దు, నాలుక కింద అసలు పెట్టొద్దు. 32 వారాల లోపైతే బిడ్డ మెదడు కోసం మెగ్నీషియం సల్ఫేట్ 4 గ్రాములు 20 నిమిషాల్లో నరానికి ఎక్కిస్తారు. అది పెద్దాసుపత్రి పని, మీరు రిఫరల్ చీటీలో వారాలు స్పష్టంగా రాస్తే చాలు.

చీటీలో డెక్సా ఇచ్చిన గంట, నిమిషం రాయండి. "ఇంజెక్షన్ ఇచ్చాం" అని రాస్తే అక్కడివాళ్లు మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు.

మన్యం సీహెచ్‌ఓ:

థాంక్సండీ. మరి 33 వారాలో 36 వారాలో తేలకపోతే? స్కాన్ లేదు, టేపు 30.

డెక్సా ఒకటిన్నర:

అన్నీ కలిపి చూడండి: సంతల లెక్క, కదలిక తెలిసిన నెల, కిట్ పరీక్ష రోజు, పాత టేపు కొలతలు. వీటిలో రెండు మూడు 34 దాటాయని చెబుతుంటే ఇవ్వొద్దు. 34 లోపే అని చెబుతుంటే, ఇన్ఫెక్షన్ లేకపోతే, ఫోన్లో మెడికల్ ఆఫీసర్‌కి చెప్పి మొదటి డోసు ఇచ్చి వెంటనే పంపండి. "ఎందుకైనా మంచిది" అని ఇచ్చే మందు కాదిది. అంతకన్నా పెద్ద మేలు తల్లి కడుపులో ఉండగానే బిడ్డను దింపడం. ఘాట్ రోడ్డు మీద ఏ ఇంక్యుబేటరూ తల్లి కడుపుకి సాటి రాదు. కాన్పు మరీ దగ్గర పడిందంటే మాత్రం ఆగి, ఉన్నచోటే చేయండి. మలుపుల్లో, వణికే బండిలో పుట్టడం కన్నా అది నయం.

ఉగ్గుగిన్నె:

రెండో ప్రశ్నకి. నవజాత శిశు వార్డు వైపు నుంచి చెబుతున్నా.

బిడ్డ పుట్టగానే ఏడిస్తే, ఊపిరి బాగుంటే బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కట్టండి. తుడవండి, తడి గుడ్డ పారేయండి. ఎక్కువమంది అదే గుడ్డ మళ్లీ చుట్టేస్తారు, బిడ్డ చల్లబడేది అక్కడే. 32 వారాల లోపు బిడ్డ అనిపిస్తే తుడవకుండానే మెడదాకా శుభ్రమైన పలచని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తల తుడిచి టోపీ పెట్టాలి. ముఖం మీదకి ప్లాస్టిక్ రాకూడదు.

చిన్నదా, నెలలు తక్కువా అన్నది బిడ్డే చెబుతుంది. అరికాలు చూడండి: గీతలు లేకుండా నున్నగా ఉన్నా, వేళ్ల దగ్గరే ఒకటి రెండు గీతలున్నా నెలలు తక్కువ. నెలలు నిండినదానికి మడమదాకా గీతలుంటాయి. చెవి మడిచి వదలండి: మెల్లగా విప్పుకుంటే లేతది, టక్కున లేస్తే నిండినది. చనుమొన కింద గడ్డ చేతికి తగలకపోయినా లేతదే. నిండిన చిన్న బిడ్డ పాలు చప్పరిస్తుంది కానీ చక్కెర పడిపోతుంది. నెలలు తక్కువ బిడ్డకి ఊపిరే మొదటి చిక్కు.

ఇక కంగారూ పద్ధతి, అంటే బిడ్డను తల్లి ఒంటికి ఆనించి కట్టడం. తల్లి జాకెట్ ముందు హుక్కులు తీసి, బిడ్డను నిలువుగా రెండు రొమ్ముల మధ్య, ఛాతీకి ఛాతీ ఆనేలా పెట్టండి. ఒంటి మీద డైపర్ లేదా లంగోటీ, టోపీ, సాక్సులు తప్ప ఏమీ వద్దు. తల ఒక పక్కకి తిప్పి గడ్డం కొంచెం పైకి. గడ్డం గుండెకి ఆనిందంటే ఊపిరి గొట్టం మడతపడుతుంది, ప్రయాణంలో జరిగే పెద్ద ప్రమాదం ఇదే. కాళ్లు కప్పలా మడిచి ఉండాలి. మెత్తటి నూలు చీర నాలుగు మడతలు వేసి, పై అంచు బిడ్డ చెవి కిందికి వచ్చేలా, ఛాతీ దగ్గర బిగువుగా, పొట్ట దగ్గర వదులుగా కట్టండి. రెండు వేళ్లు దూరాలి. దాని మీద జాకెట్, ఆ మీద దుప్పటి. తల్లికి రక్తస్రావం ఎక్కువైతే, ఆమె నీరసంగా ఉంటే తండ్రో నానమ్మో అమ్మమ్మో కట్టుకోవచ్చు. వాళ్ల ఒళ్లూ అంతే వెచ్చన.

108లో ఏసీ ఆపించండి. తల్లిని పడుకోబెట్టకుండా వీపు ఆనించి సగం లేపి కూర్చోబెట్టండి. ఫీడర్ బైక్ (బైక్ అంబులెన్స్) మీదైతే గాలి సూటిగా తగులుతుంది, టోపీ మీద ఇంకో ఉన్ని టోపీ. డోలీలో తల్లీబిడ్డలను విడదీయొద్దు. అరగంటకోసారి బిడ్డ పాదం తాకి చూడండి: పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా ఉంటే చలి మొదలైంది, పొట్టా చల్లగా ఉంటే ఒళ్లు బాగా చల్లబడిపోయింది. చంకలో 36.5 నుంచి 37.5 ఉండాలి. వేడినీళ్ల సీసా, కుంపటి వద్దు, కాలిపోతుంది. నీలిరంగు, ఊపిరికి డొక్కలు ఎగరేయడం, నిమిషానికి 60 దాటిన ఊపిరి, మధ్యలో ఊపిరి ఆగడం ఉంటే బండిలోని ఆక్సిజన్, అంబుబ్యాగ్ (నొక్కి ఊపిరి అందించే సంచి) చేతికందేలా పెట్టుకోండి.

పాలు. 34 వారాల దాకా చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒకదానితో ఒకటి కుదరవు. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి బాగుండి, మింగగలిగే బిడ్డకే ముర్రుపాలు పిండి ఉగ్గుగిన్నెతో. 1,600 గ్రాముల బిడ్డకి మొదటిరోజు కిలోకి 60 మి.లీ. లెక్కన 96, రెండు గంటలకొకటి చొప్పున 12 సార్లు, అంటే సారికి 8 మి.లీ. మర్నాడు కిలోకి 80, అంటే సారికి 10 నుంచి 11. అలా రోజుకు 20 పెంచుకుంటూ ఆరో రోజుకి కిలోకి 160 దగ్గరికి, సారికి 21. పెదవి అంచున గిన్నె ఆనించి, బిడ్డ నాలుకతో అందుకునేలా కొంచెం కొంచెం. గొంతులోకి వంచి పోయకూడదు. ఊపిరి ఆయాసంగా ఉన్న బిడ్డకి దారిలో ఏమీ ఇవ్వొద్దు, ఆసుపత్రిలో గొట్టమో సెలైనో వాళ్లు చూస్తారు. తల్లి చేత మాత్రం రెండు మూడు గంటలకోసారి పాలు పిండించండి. మొదటిరోజు పది చుక్కలే వచ్చినా సరే. ఆపేస్తే తర్వాత పాలు పడవు.

విటమిన్ కె మరవద్దు: కిలో పైన ఉన్న బిడ్డకి 1 మిల్లీగ్రాము, కిలో లోపు అర. తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు. అందరూ బిడ్డ చుట్టూ ఉంటే తల్లి రక్తస్రావం ఎవరూ చూడరు.

కొండ పల్లె లెక్కలు:

మూడో ప్రశ్న. నా అంచనాలో ఇక్కడ ఐదు విషయాలు మిగతావాటి కన్నా బరువైనవి.

మలేరియా. ఫాల్సిపారం క్రిములు మాయలో దాక్కుంటాయి, వేలి రక్తంలో దొరక్కపోవచ్చు, జ్వరం కూడా పెద్దగా ఉండకపోవచ్చు. తొలిచూలువాళ్లకి ఇది ఎక్కువ. జూన్ నుంచి చలికాలం మొదలయ్యేదాకా ప్రతి చెకప్‌లో జ్వరం ఉన్నా లేకపోయినా ఆర్‌డీటీ చేయండి, గర్భిణి ఇంట్లో మందు పూసిన దోమతెర మంచానికి కట్టి ఉందో, చేపలు పట్టడానికి పోయిందో చూడండి. గర్భిణికి ప్రైమాక్విన్ ఇవ్వకూడదు.

సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకరపోయే వారసత్వ జబ్బు. 2023 జులై 1న కేంద్రం మొదలుపెట్టిన మిషన్ కింద పరీక్షలు జరుగుతున్నాయి. సాల్యుబిలిటీ పరీక్ష పాజిటివ్ అంటే జబ్బు అని కాదు, వాహకులకీ పాజిటివే వస్తుంది. హెచ్‌పీఎల్‌సీ (హీమోగ్లోబిన్ రకాలు వేరుచేసే ల్యాబ్ పరీక్ష) చేస్తేనే తేలుతుంది. జబ్బు ఉన్న తల్లికి మాయ సరిగా పనిచేయక నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు ఎక్కువ. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు కావాలి. ఐరన్ మాత్రం ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) చూశాకే. హైడ్రాక్సీయూరియా వాడుతుంటే నెల తప్పగానే డాక్టరుకి చెప్పాలి. ఆమె పెద్దాసుపత్రి కేసు, పీహెచ్‌సీ కేసు కాదు.

రక్తహీనత. మాత్రలు ఇచ్చామన్నది లెక్క కాదు, మింగారా అన్నదే లెక్క. ఐరన్‌కీ కాల్షియంకీ రెండు గంటల ఎడం పెట్టమనండి. రెండో త్రైమాసికంలో ఆల్బెండజోల్ 400 ఒక్కసారి. హీమోగ్లోబిన్ 7 లోపైతే మాత్రలతో కాలక్షేపం చేయొద్దు. కొండ దిగి మళ్లీ మళ్లీ రాలేనివాళ్లకి ఐరన్ సుక్రోజ్ నాలుగైదు విడతల కన్నా ఎఫ్‌సీఎం (నరానికి ఎక్కించే మరో రకం ఐరన్) ఒక విడత నయం. కాకపోతే డోసు కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. 40 కిలోల మనిషికి ఒకేసారి 800, వెయ్యి కాదు.

పొగాకు. కార్డులో "స్మోకింగ్: లేదు" అని రాసేస్తారు, ఎందుకంటే సిగరెట్ తాగుతావా అని అడుగుతారు. చుట్ట తాగుతావా, అడ్డపొగ వేస్తావా, పొగాకు నములుతావా అని అడగండి. ఉత్తరాంధ్రలో ఆడవాళ్లు చుట్ట మండే కొసను నోట్లోపలికి పెట్టుకుని పీల్చడం పాత అలవాటే. జీలుగు కల్లు సంగతీ అప్పుడే అడగండి, తిట్టకుండా.

ఎడం. కాన్పుకీ మళ్లీ నెల తప్పడానికీ రెండేళ్లు ఉండాలి. పద్దెనిమిది నిండని తల్లులని రెట్టింపు జాగ్రత్తతో చూడాలి.

వీటన్నిటి కన్నా ముందు, దూరం. సాలూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) పెట్టిన గర్భిణుల వసతి గృహం లాంటివి కాన్పు తేదీకి కొన్ని వారాల ముందే దింపడానికి. కానీ పాత కాన్పు నెలలు నిండకుండా అయినవాళ్లని, కవలలున్నవాళ్లని తొమ్మిదో నెలలో దింపితే ఏం లాభం? వాళ్లకి కాన్పు తేదీ చూడొద్దు, 30వ వారం చూడండి. పెద్ద పిల్లల్ని తెచ్చుకోనివ్వకపోతే రారు, వచ్చినా నాలుగు రోజుల్లో వెళ్లిపోతారు.

బయటి దేశాల్లోనూ మూలవాసుల సంగతి ఇలాగే ఉంది. ఆస్ట్రేలియాలో మూలవాసుల బిడ్డల్లో నెలలు నిండకుండా పుట్టేవాళ్లు సుమారు 14 శాతం, మిగతావాళ్లలో 8. బ్రిస్బేన్‌లో 2013లో మొదలైన ఒక సేవలో ఒకే మిడ్‌వైఫ్ మొదటి నుంచి చివరిదాకా వెంట ఉంటుంది, నడిపేది మూలవాసుల సంస్థలు, పనిచేసేవాళ్లలో వాళ్ల మనుషులు ఉంటారు. 2021లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఫలితాల్లో ఆ సేవ అందుకున్నవాళ్లకి నెలలు నిండని కాన్పు ముప్పు దాదాపు 38 శాతం తక్కువ. కొత్త యంత్రం ఏదీ లేదు. ఇక్కడ కువీ (కోందుల భాష) మాట్లాడే ఆశా ఉన్న ఊరికీ, లేని ఊరికీ నమోదు నెలలో తేడా చూడండి, అర్థమవుతుంది.

ఉగ్గుగిన్నె:

ఒకటి మరిచా. డిశ్చార్జ్ అయ్యాక ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వస్తుంది, అది అందరు బిడ్డలకీ. నెలలు తక్కువ బిడ్డకి అది చాలదు, వారానికోసారి బరువు చూడాలి. రోజుకు కిలోకి 15 గ్రాములు పెరగాలి, అంటే 1,800 గ్రాముల బిడ్డ వారానికి సుమారు 190. విటమిన్ డి రోజుకి 400 యూనిట్లు, ఐరన్ చుక్కలు డాక్టరు చెప్పిన వారం నుంచి.

కళ్లు. రెండు కిలోల లోపో, 34 వారాల లోపో పుట్టిన ప్రతి బిడ్డకీ రెటీనా పరీక్ష 30 రోజుల లోపు. 28 వారాల లోపో, 1,200 గ్రాముల లోపో అయితే రెండు మూడు వారాలకే. బయటికి కన్ను మామూలుగానే కనబడుతుంది, పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది, అందుకే కొండ దిగి రారు. రెటీనా ఊడిపోయాక చేసేది పెద్దగా ఉండదు.

మన్యం సీహెచ్‌ఓ:

30 రోజులు పుట్టినరోజు నుంచా, కాన్పు తేదీ నుంచా?

ఉగ్గుగిన్నె:

పుట్టినరోజు నుంచి. డిశ్చార్జ్ కాగితం మీద ఆ తేదీ రాయించుకుని, ఆ వారం బండి ముందే చెప్పి పెట్టుకోండి.